అమృత్ పనులు అయిపోతే ఉద్యోగం సంగతేంటి?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. బీటెక్ సివిల్ మూడో ఏడాది చదువుతున్నాను. పట్టణాల్లో నీటి సరఫరా, మురుగు పారుదల కోసం కేంద్రం తెచ్చిన అమృత్ పథకం పైపులైన్ పనులు చూశాక మున్సిపల్ రంగంలోకి వెళ్లాలనిపిస్తోంది. స్కీమ్ అయిపోతే ఉద్యోగమూ పోతుంది, కోడింగ్ నేర్చుకోమని నాన్నగారు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: నాన్నగారి భయం ఉత్తిదేం కాదు. 2005లో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర పట్టణాభివృద్ధి పథకం వచ్చింది, వెళ్లింది. 2015 జూన్ 25న మొదలైన స్మార్ట్ సిటీస్ మిషన్ 2025 మార్చితో ముగిసింది. అమృత్ 2.0 కూడా 2021 అక్టోబరులో ఐదేళ్ల లెక్కతో ప్రారంభించిందే. ఇలాంటి పథకాల్లో కాంట్రాక్టు మీద చేరినవాళ్లకు గడువు దగ్గరపడేకొద్దీ టెన్షన్ తప్పదు.

అయితే బోర్డు మీద పేరు మారినా కింద పని పెద్దగా మారదు. నీళ్లు తేవాలి, ట్యాంకు ఎక్కించాలి, ఇంటింటికీ ఇవ్వాలి, మురుగును శుద్ధి చేయాలి. అందుకే మీరు పథకాన్ని నమ్ముకోకుండా నీటి సరఫరా, మురుగు పారుదల డిజైన్ మీద పట్టు సంపాదించండి.

ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. పైపుల్లో నీటి ప్రవాహం, ప్రెషర్ లెక్కగట్టే ఈపీఏనెట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మీ వార్డు జనాభా తీసుకుని, మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున లెక్కగట్టి పైపుల నెట్‌వర్క్ గీయండి. ట్యాంకు పక్క వీధిలో నీళ్లు ఎలాగూ వస్తాయి. చివరి ఇంటి కుళాయి దగ్గర ప్రెషర్ ఎంతుందో చూడండి. చాలకపోతే పైపు సైజు పెంచాలా, ట్యాంకు ఎత్తు పెంచాలా, ఏది చౌక? డీపీఆర్‌లు (ప్రాజెక్టు సమగ్ర నివేదికలు) తయారుచేసే కన్సల్టెన్సీలో ఇంటర్వ్యూకి వెళ్తే ఇది బాగా పనికొస్తుంది. సెలవుల్లో సైట్ ఇంజినీరు అనుమతి తీసుకుని, పైపులకు హైడ్రాలిక్ టెస్ట్ (నీటి ఒత్తిడితో లీకులు చూసే పరీక్ష) ఎలా చేస్తారో, ఎం-బుక్‌లో (పని కొలతల పుస్తకం) కొలతలు ఎలా రాస్తారో దగ్గరుండి చూడండి. తవ్విన రోడ్డును మళ్లీ వేయడానికి ఎస్టిమేట్‌లో ఎంత పెట్టారో కూడా అడగండి. మన వీధుల్లో గుంతలు చూసినవాళ్లకు ఈ ప్రశ్న ఎందుకో తెలుసు!

ప్రభుత్వ ఉద్యోగమే కావాలంటే పబ్లిక్ హెల్త్ ఇంజినీరింగ్ విభాగంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టులు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన వార్డు సచివాలయాల్లో ఎమినిటీస్ (వార్డు సదుపాయాల) కార్యదర్శి పోస్టులకూ సివిల్ చదివినవాళ్లను తీసుకున్నారు. కానీ నోటిఫికేషన్ కోసం మూడేళ్లు ఇంట్లో కూర్చోవద్దని నా గట్టి సలహా. ఏదో ఒక సైట్‌లో పనిచేస్తూ ప్రిపేర్ అవ్వండి. పై చదువులకైతే ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్, లేదా విజయవాడ స్పాలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ప్లానింగ్.

కోడింగ్ విషయంలో నాన్నగారితో గొడవపడకండి. కొంచెం పైథాన్ కోడింగ్, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ వస్తే పైపుల మ్యాపింగ్ పనిలో అవి అక్కరకొస్తాయి. డిగ్రీ చేతికొచ్చాక మున్సిపాలిటీల్లో ఇంటర్న్‌షిప్ కోసం 2020లో కేంద్రం తెచ్చిన ట్యూలిప్ పోర్టల్‌లో మీ ఊరి పేరుతో వెతకండి. దొరక్కపోతే పక్కనున్న ఏలూరు, భీమవరం కూడా చూడండి.