తత్వశాస్త్రాన్ని అందరికీ అర్థమయ్యేలా రాయడం ప్రొఫెసర్లకు ఎందుకంత కష్టం?

ముఖ్యంగా అలవాటు వల్ల. జర్నల్‌కి పంపే వ్యాసాన్ని పరిశీలించేది అదే రంగంలోని వాళ్లు. ఎక్కడ తప్పు పడతారోనన్న టెన్షన్‌తో ప్రతి వాక్యానికీ ఒక మినహాయింపు తగిలించడం అలవాటైపోతుంది. పైగా ప్రమోషన్‌కి చాలాచోట్ల లెక్కలోకి వచ్చేవి ఆ వ్యాసాలే.

మామూలు పాఠకుడికి ఎవరు ఎవరిని ఖండించారన్నది అనవసరం. చిక్కు ఎక్కడుందో చూపిస్తే చాలు. బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ 1912లో సామాన్యుల కోసం రాసిన చిన్న పుస్తకంలో మొదటి అధ్యాయమే ఒక బల్ల గురించి. దాని రంగు అంతటా ఒకటే అనుకుంటాం. కానీ వెలుతురు పడిన చోట తెల్లగా మెరుస్తుంది, మనం కాస్త పక్కకు జరిగితే ఆ మెరుపూ జరుగుతుంది. మరి బల్ల అసలు రంగు ఏది? 'జ్ఞానమీమాంస' (మనకు ఏదైనా ఎలా తెలుస్తుందని అడిగే తత్వశాస్త్ర శాఖ) అన్న మాట వినకుండానే పాఠకుడు అందులో పడిపోతాడు.

అలాగని జర్నల్ వ్యాసాలన్నీ కొరకరాని కొయ్యలేమీ కావు. చెరువులో మునిగిపోతున్న పిల్లవాడిని కాపాడాలా వద్దా అని ఆస్ట్రేలియన్ తత్వవేత్త పీటర్ సింగర్ 1972లో అడిగింది అలాంటి వ్యాసంలోనే.

నాకు చిరాకు తెప్పించేది వేరే రకం. సులువుగా చెప్పాలని వాదాన్ని మొత్తం తీసేసి, తీర్మానాన్ని మాత్రం సూక్తిలా చేతిలో పెట్టే పుస్తకాలు. అవి చదవడానికి హాయిగానే ఉంటాయి, కాకపోతే వాటిలో తత్వశాస్త్రం ఉండదు.