నాన్నగారికి భజన వద్దు, పేకాట కావాలి

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు, కూకట్‌పల్లిలో ఒక వృద్ధుల హోమ్‌లో ఉంటున్నారు. సాయంత్రం అందరూ భజనకి రావాల్సిందేనట. ఆయనకి పేకాట ఇష్టం. వెళ్లకపోతే ‘ఎవరితోనూ కలవడం లేదు’ అని నాకు ఫోన్ చేస్తున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: కలవడం లేదా, భజనకి వెళ్లడం లేదా? రెండూ ఒకటి కాదమ్మా. జీవితమంతా నచ్చింది చేసుకున్న మనిషిని ఈ వయసులో బడిపిల్లాడిలా వరుసలో కూర్చోబెడితే ఎవరికైనా చిరాకే. ముందు నాన్నగారినే అడగండి, ఏ ఆట, ఎవరితో, ఏ వేళప్పుడు అని, తర్వాత ఆయన్ని పక్కనే కూర్చోబెట్టుకుని మేనేజర్‌తో మాట్లాడండి, ఆయన లేకుండా ఆయన గురించి నిర్ణయాలు వద్దు. పెద్ద అంకెల పేకముక్కలు దొరుకుతాయి, చూపు తగ్గినవాళ్లకి హాయి. ముక్కలు పట్టుకోలేకపోతే చిన్న స్టాండు పెట్టొచ్చు. పందెం మాత్రం రూపాయి కూడా వద్దు, తెలంగాణలో అది నేరం! ఏ రోజైనా ఏమీ వద్దని గదిలో ఉంటానంటే, ఉండనివ్వండి. అయితే ఇష్టమైన ఆట కూడా మానేసి, తిండి, నిద్ర తగ్గితే డాక్టర్‌కి చూపించండి. హోమ్ వాళ్లు బలవంతం ఆపకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి, ఉచితమే.