అమ్మ మాట ఇచ్చేసింది, నేనేం చేయాలి?

నాకు 41 ఏళ్ళు. మాది తెనాలి. ఎం.ఏ. తెలుగు చదివి, తొమ్మిదేళ్ళుగా ఇంట్లోనే ఉండి పుస్తకాలకు ఎడిటింగ్, ప్రూఫులు చేస్తున్నాను. ఒక నెల ముప్ఫై వేలు వస్తే ఇంకో నెల ఐదు వేలు కూడా రావు. ఒక ప్రచురణకర్త నాలుగు నెలలుగా డబ్బు ఇవ్వడం లేదు. మా మేనమామ 400 పేజీల ఆత్మకథ రాశారు. జనవరిలో షష్టిపూర్తికి పుస్తకం చేతికి రావాలట. ‘అమ్మాయి ఇంట్లోనే ఉంటుందిగా, చూసిపెడుతుంది’ అని అమ్మ నన్ను అడగకుండానే ఒప్పుకుంది. పెద్దమ్మ కూతురి థీసిస్, గుడి సావనీరు కూడా ఇలాగే నెత్తిన పడ్డాయి. మామయ్యను డబ్బు అడిగితే తప్పా? లేక ఇదంతా మానేసి ప్రైవేటు స్కూల్లో చేరిపోనా? మా ఆయన ‘నీ ఇష్టం’ అంటున్నారు. నా ఏడో తరగతిలో నాన్న పోతే అమ్మ జాకెట్లు కుట్టి నన్నూ చెల్లినీ పెంచింది. ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. ఆమెను నొప్పించలేను.
– ఒక సోదరి

స్కూలు సంగతి ముందు తేల్చేద్దాం. చేరకండి. పాఠాలు చెప్పాలని ఉందని మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ‘నాకు ఖాళీ లేదు’ అని చెప్పుకోవడానికి ఒక ఆసరా వెతుక్కుంటున్నారు, అంతే. ఉద్యోగంలో చేరినా సాయంత్రం ఇంటికొచ్చేసరికి మామయ్యగారి కాగితాల కట్ట మంచం మీద అలాగే ఉంటుంది.

మామయ్యను డబ్బు అడగాలా వద్దా అన్నదాని మీద కూడా నేను ఎక్కువ సేపు ఆగను. పెళ్ళిలో మిమ్మల్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చిన మనిషి. ఆయన షష్టిపూర్తికి ఈ పని చదివింపుగా ఇవ్వాలని మీకు అనిపిస్తే సంతోషంగా ఇవ్వండి. అనిపించకపోతే పేజీకి ఇంత అని చెప్పండి. రెండింట్లోనూ మర్యాదే ఉంది. కానీ ఈ విషయం మీద ఆయనతో మీరు ఒక్క మాటైనా మాట్లాడారా? ఉత్తరమంతా వెతికాను, కనబడలేదు. మీ శ్రమను మీ అమ్మగారు దానం చేశారు. మీరు ఊరుకున్నారు.

ఉత్తరం వెనకవైపు మీరు రాసి కొట్టేసిన నాలుగు వాక్యాలున్నాయి. ఎడిటర్ కదా, అనవసరం అనుకుని తీసేసి ఉంటారు. గీత కిందుగా చదవగలిగాను. ‘పెళ్ళిళ్ళ సీజన్లో బంధువుల జాకెట్లన్నీ అమ్మే కుట్టేది. రాత్రిళ్ళు సూదిలో దారం నేను ఎక్కించేదాన్ని. పెళ్ళయ్యాక అమ్మకు ఒక జాకెట్టు గుడ్డ పెట్టి పంపేవాళ్ళు. ఇప్పటికీ నా జాకెట్లు అమ్మే కుడుతుంది.’

అసలు ఉత్తరం ఇదేనమ్మా. మిగతాదే కొట్టేయాల్సింది.

ఇరవై జాకెట్లకు హుక్కులు, కాజాలు కుట్టిన మనిషికి కూలి కింద ఇంకో జాకెట్టు గుడ్డ. దాన్నీ ఆవిడే కుట్టుకుని ఉంటారు. అడగలేక ఊరుకున్నారని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. భర్త పోయి, ఇద్దరు ఆడపిల్లలతో మిగిలిన మనిషికి నలుగురి అండ కావాలి. రేపు పిల్లల పెళ్ళికి పీటల దగ్గర నిలబడే తమ్ముడు కావాలి. డబ్బుతో కొనలేని ఆ అండను ఆవిడ కుట్టుపనితో నిలబెట్టుకున్నారు. ‘మా అక్కయ్య బంగారం’ అనిపించుకున్నారు. ఆ అలవాటు ఈనాటికీ పోలేదు. ఇప్పుడు ఆవిడ చేతిలో ఉన్నది మీ పని. తమ్ముడికి దాన్నే ఇస్తున్నారు.

ఇంకొకటి కూడా ఉంది. ఆవిడ మిషను చప్పుడు వీధికి వినపడేది. మీ పనికి చప్పుడు లేదు. మీరు మంచం మీద కూర్చుని చదువుకుంటున్నట్టు కనబడతారు. అమ్మకు లెక్క వేసి చెప్పండి. మొదటిసారి వాక్యాలు సరిచేస్తూ చదివితే గంటకు ఎనిమిది పేజీలు, అంటే 50 గంటలు. రెండోసారి తప్పుగా ల పడ్డచోట ళ, న పడ్డచోట ణ పెట్టుకుంటూ వెళ్తే 25 గంటలు. డీటీపీలో దిద్దాక మళ్ళీ చూడాలి. డీటీపీవాళ్ళు వాడే అను ఫాంటు నుంచి, ఏ ఫోనులోనైనా చదవగలిగే యూనికోడ్‌కు మార్చారంటే కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, వాటిని పట్టుకోవాలి. ఇంకో 20 గంటలు. మొత్తం 95. రోజుకు నాలుగు గంటలు కూర్చుంటే 24 రోజులు. అదీ ఎప్పుడు? డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. రచయితలందరూ ఒకేసారి తొందరపడే కాలం. మీకు అవి కోతల రోజులు. జాకెట్టు చంక దగ్గర బిగిస్తే కుట్టంతా విప్పి మళ్ళీ వేసిన మనిషికి ఈ లెక్క అర్థం కాదని నేను నమ్మను. ఎవరూ చెప్పలేదు, అంతే. ఆవిడను నొప్పించకూడదని మీరు దాచారు. దాన్ని గౌరవమంటే నేను ఒప్పుకోను. నలభై ఏళ్ళు దాటిన కూతురు తన పని విలువ కన్నతల్లికి చెప్పలేకపోతే ప్రచురణకర్తకేం చెబుతుంది?

ఆ ప్రచురణకర్త సంగతి. చిన్న సంస్థలను నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్‌లతో నమోదు చేసుకోండి, రుసుము లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న సంస్థకు ఇవ్వాల్సిన డబ్బును 45 రోజులు దాటి ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ చక్రవడ్డీ. పాత బాకీకి దీన్ని నమ్ముకోకండి, నమోదయ్యాక చేసే పనులకు పనికొస్తుంది. పాతది వసూలయ్యేదాకా ఆయన దగ్గర కొత్త పని ముట్టుకోకండి. ఇకమీదట ఎవరైనా సరే మూడో వంతు ముందు ఇస్తేనే కట్ట విప్పండి.

ఇక అమ్మ. ఈసారి జాకెట్టు కుట్టిచ్చినప్పుడు, మీ ఊళ్ళో టైలరు ఎంత తీసుకుంటే అంత ఆవిడ చేతిలో పెట్టండి. కోప్పడతారు. ‘కన్నకూతురి దగ్గర కూలి తీసుకుంటానా’ అని నోట్లు మీ ఒళ్ళో పడేస్తారు. వాదించకండి. పక్కన కూర్చుని, ఆ పెళ్ళిళ్ళలో వాళ్ళు పెట్టిన జాకెట్టు గుడ్డలు ఏ రంగువో అడగండి. ఆవిడకు ఒక్కొక్కటీ గుర్తుంటుంది. చెప్పనివ్వండి, పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి. అప్పుడు మామయ్యగారి కట్ట తెచ్చి, మీరు దిద్దిన ఒక పేజీ ఆవిడకు చూపించండి.

మామయ్యకు ఫోను మాత్రం మీరే చేయండి. అమ్మ పక్కన ఉండగానే, స్పీకరు పెట్టి.