మూడు జిన్‌లూ ఒకేలా అనిపిస్తే ముందు టానిక్ పక్కన పెట్టండి

టాంకరే, హెండ్రిక్స్, హపూసా అని మూడు బ్రాండ్ల జిన్ (జునిపర్ కాయల వాసనతో చేసే మద్యం) కొన్నా, టానిక్ వాటర్ అనే సోడాతో తాగితే తేడా తెలియట్లేదు, డబ్బులు దండగయ్యాయా అని అడిగారు కదండీ. దండగేం కాలేదు. తేడానంతా టానిక్ మింగేస్తోంది, అందులో క్వినైన్ చేదు, దానిపైన పంచదార, ఇక ఐస్ కూడా వేస్తే వాసన ఎక్కడ తెలుస్తుంది?

మూడు చిన్న గ్లాసుల్లో 15 మి.లీ. చొప్పున పోసి, అంతే మంచినీళ్లు కలపండి, ఐస్ వద్దు. టాంకరేతో మొదలుపెట్టండి, ఎందుకంటే అందులో నాలుగే దినుసులు: జునిపర్ కాయలు, ధనియాలు, ఏంజెలికా వేరు, అతిమధురం. వంటింట్లోంచి నాలుగు ధనియాలు తెచ్చి వేళ్లతో నలిపి వాసన చూసి, వెంటనే గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోండి, ఆ నిమ్మతొక్క లాంటి ఘాటు అక్కడ పట్టుబడుతుంది. నాకైతే జిన్ అర్థమైంది ఆ రోజే!

టాంకరే లండన్ డ్రై అనే రకం జిన్, అంటే బట్టీ దించాక రుచులు కలపకూడదు, పంచదార లీటరుకు 0.1 గ్రాము మించకూడదు. హెండ్రిక్స్‌లో గులాబీ, దోసకాయ సారం తర్వాత కలుపుతారు, అందుకే అది లండన్ డ్రై కాదు, మెత్తగా పూలవాసన వస్తుంది. హపూసాని చివరికి ఉంచండి. హిమాలయాల జునిపర్, పసుపు, అల్లం ఉన్న జిన్ అది, ముందే తాగితే మిగతా రెండూ చప్పగా అనిపిస్తాయి.

మధ్యమధ్యలో మంచినీళ్లు తాగండి. టానిక్ తర్వాత కలుపుకోవచ్చు, కానీ జిన్‌కి రెట్టింపు మించనివ్వకండి.