స్టీరింగ్ బిగుసుకుని, అప్పుడే ఇంజనూ హీటెక్కుతుంటే ముందు ఎర్త్ వైరు చూడండి

మీరు అడిగింది ఇదీ: ఎనిమిదేళ్ల చిన్న కారు. ట్రాఫిక్‌లో, ఘాట్ రోడ్డు మీద టెంపరేచర్ లైటు వెలుగుతోంది. సరిగ్గా అప్పుడే స్టీరింగ్ బిగుసుకుపోయి పసుపు లైటు వస్తోంది. ఒక మెకానిక్ రేడియేటర్ మార్చమన్నాడు, ఇంకొకరు స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం కింద ఉండే కడ్డీ భాగం మొత్తం) మార్చమన్నారు. ముందు ఏది మార్చాలి?

ఏదీ మార్చకండి. మీది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కారని రాశారు కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. దానికి ఆయిల్ ఉండదు, బెల్టు ఉండదు, ఒక మోటారు ఉంటుంది. రేడియేటర్ వెనక ఫ్యానుకీ ఒక మోటారే. ఈ రెండూ ఒకే బ్యాటరీ మీద బతుకుతాయి, రెండింటి కరెంటూ కారు బాడీ మీదుగానే బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొస్తుంది. ఇంటి మెయిన్ వైరు దగ్గర లూజుంటే పైన ఫ్యానూ వంటింట్లో మిక్సీ కలిసి నీరసిస్తాయి, అప్పుడు మిక్సీ మారుస్తామా? రెండు జబ్బులు ఒకేసారి వచ్చాయంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని ముందు పట్టుకోవాలి. విశాఖలో అయితే నా అనుమానం ఎప్పుడూ ఎర్త్ వైరు మీదకే, అంటే బ్యాటరీ నెగటివ్‌ని కారు బాడీకి కలిపే వైరు మీదకే పోతుంది.

మాది పెదవాల్తేరు. కారుకి షెడ్డు లేదు, సముద్రపు గాలి నేరుగా తగిలే చోటే ఉంటుంది. ఒక శనివారం సాయంత్రం అమ్మనీ అత్తయ్యనీ అప్పన్న దర్శనానికి తీసుకెళ్తున్నాం. వాన పడుతోంది. సింహాచలం ఘాట్‌లో ముందు బస్సు, దాని వెనక మేము ఫస్ట్ గేర్‌లో పాకుతున్నాం. అద్దాలకి ఆవిరి పడుతోందని ఏసీ వేశాను. వైపర్లు, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటరు అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి. ఒక మలుపులో స్టీరింగ్ తిప్పబోతే సగంలో రాయిలా ఆగిపోయింది. రెండు చేతులతో లాగితే గానీ తిరగలేదు. పసుపు లైటు వచ్చింది. ఇంకొంచెం పైకెక్కేసరికి ఎర్ర టెంపరేచర్ లైటు కూడా వెలిగింది.

కాస్త వెడల్పుగా ఉన్న చోట ఆపాను. వెనక సీట్లో అమ్మ అప్పన్నని తలుచుకుంటోంది. మా బావమరిది దిగి, మంచినీళ్ల సీసా పట్టుకుని రేడియేటర్ క్యాప్ తీయబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. దయచేసి ఇది మీ ఇంట్లో అందరికీ చెప్పండి. రేడియేటర్‌లో నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి కాబట్టే 100 డిగ్రీలు దాటినా మరగవు. ఒక బార్ ఒత్తిడి ఉంటే మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దగ్గర గానీ మరగవు. క్యాప్ తిప్పగానే ఆ ఒత్తిడి పోయి మొత్తం ఒక్కసారిగా మరిగి ముఖం మీదకి చిమ్ముతుంది. చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారేదాకా ఆ క్యాప్ జోలికి పోకూడదు.

బోనెట్ ఎత్తి చూస్తే ఫ్యాను తిరుగుతోంది. కానీ ఎలా? రెక్కలు విడివిడిగా లెక్కపెట్టేంత నెమ్మదిగా! డబ్బాలో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) గీత దాకా ఉంది, పైపులు ఎక్కడా కారడం లేదు. ఇంకో సంగతి కూడా ఆ చీకట్లోనే కనబడింది. నేను స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఎదురుగా ఉన్న రాతిగోడ మీద హెడ్‌లైట్ల వెలుతురు తగ్గి మళ్లీ పెరుగుతోంది. ఫ్యాను, స్టీరింగ్, లైట్లు మూడూ ఒకేసారి నీరసిస్తుంటే రేడియేటర్‌ది తప్పెలా అవుతుంది? ఇంజన్ ఆపి, బాగా చల్లారాక, ఏసీ లేకుండా మెల్లగా కిందికి దిగిపోయాం. దర్శనం ఆ రోజుకి లేదు.

తర్వాత చూపించిన ఒక సర్వీస్ సెంటర్‌లో ల్యాప్‌టాప్ తగిలించి "స్టీరింగ్ కోడ్ వచ్చింది సార్, కాలమ్ మొత్తం మార్చాలి" అన్నారు. మీకు చెప్పిన మాటే. కోడ్ అంటే ఏమిటి? వోల్టేజ్ తక్కువైంది మొర్రో అని స్టీరింగ్ కంట్రోలర్ పెట్టిన కేక. ఎందుకు తక్కువైందో అది చెప్పదు, మనిషి వెతకాలి. అంత పెద్ద షెడ్డులో ఒక్కరు కూడా వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ చేతపట్టకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. బ్యాటరీ మాత్రం పరీక్షించి బాగుందన్నారు. అదీ నిజమే, బ్యాటరీ బాగానే ఉంది.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, ఆటో ఎలక్ట్రీషియన్. కారు చూడకముందే "మీదే పేట బాబూ?" అన్నారు. పెదవాల్తేరు అన్నాను. "అయితే బీచి గాలి కారు" అంటూ మీటరు తీశారు. ఇంజన్ ఆన్ చేసి బ్యాటరీ రెండు కొనల మీద పెడితే 14.1 వోల్టులు, బ్రహ్మాండం. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఆరోగ్యంగా ఉన్నట్టే. తర్వాత ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ కొన మీద ఉంచి, రెండోది బాడీ మీద రంగు లేని ఒక బోల్టుకి ఆనించి, ఏసీ, లైట్లు అన్నీ వేయమన్నారు. ఎర్త్ బాగుంటే అక్కడ 0.2 లోపే ఉండాలి. మా కారుకి 1 దాకా వచ్చింది. నిలబెట్టిన బండిలో స్టీరింగ్ పూర్తిగా తిప్పమన్నారు, మీటరు 3 దాటేసింది. అంటే 14 వోల్టుల్లో 3 వోల్టులు ఆ వైరు చివరే తినేస్తోంది, మిగిలినదే మోటార్లకి అందుతోంది. చిన్న కారులో కూడా నిలబెట్టి తిప్పితే స్టీరింగ్ మోటారు 30, 40 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాను ఒక 10, 15 లాగుతుంది. అంత కరెంటుకి ఆ జాయింటు ఎలా తట్టుకుంటుంది? బ్యాటరీ ట్రే కింద బాడీకి బిగించిన ఆ బోల్టు మీద వేలు పెట్టి చూశాను, చురుక్కుమంది.

ఆయన ఇంకేమీ విప్పకుండా ఒక జంపర్ కేబుల్ తీసి బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి అడ్డంగా తగిలించారు. ఫ్యాను చప్పుడు ఒక్కసారిగా మారిపోయింది, గుయ్‌మని లేచింది! ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పసుపు లైటు లేదు, స్టీరింగ్ ఒక వేలితో తిరిగింది. తర్వాత పది నంబరు పానాతో ఆ బోల్టు విప్పితే లోపలంతా తుప్పు, వైరు చివర పచ్చగా చిలుము. ఎమరీ కాగితంతో తెల్లగా రుద్ది, వైరు చివర కొత్త లగ్గు (బోల్టుకి పట్టే రింగు) వేసి, బిగించి, పైన గ్రీజు పూశారు. రేడియేటర్ అదే, కాలమ్ అదే, ఇప్పటికీ అవే నడుస్తున్నాయి.

అందుకే చెప్తున్నాను, బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ, భీమిలి వైపు ఉండేవాళ్లు సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు ఎర్త్ పాయింట్లు విప్పి శుభ్రం చేయమని అడగాలి. సర్వీస్ కార్డు మీద రాయరు కాబట్టి వాళ్లు చేయరు. తడి కారు మీద కవరు కప్పేవాళ్లకి ఇంకో మాట, ఆ తేమంతా లోపలే ఉండిపోతుంది. కవరు కప్పితే కారు భద్రం అనుకోకండి.

ఈ ఊళ్లో నన్ను బాధపెట్టే సలహాలు ఇంకో రెండున్నాయి. ఒకటి, "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు సార్, తీసేద్దాం" అనడం. అది కూలెంట్ దారిలో ఉండే వాల్వు, 82, 88 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకుని ఇంజన్‌ని తన వేడిలో ఉంచుతుంది. తీసేస్తే ఇంజన్ చల్లగా నడుస్తుంది, కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, అసలు జబ్బు మాత్రం దాక్కుంటుంది. రెండోది, బోరు నీళ్లు పోయడం. తీరంలో చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి, రేడియేటర్ సన్నని గొట్టాల్లో అది పొరలా కడుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి, లేదా కలిపే అమ్మేది కొనండి. ఇక కార్ల కంపెనీల మీద కూడా నాకో ఫిర్యాదుంది. చాలా చిన్న కార్లలో టెంపరేచర్ ముల్లు తీసేసి లైటు మాత్రం మిగిల్చారు. ముల్లు ఉంటే మెల్లగా పైకి పాకడం కనిపించేది. లైటు వెలిగేసరికి పని సగం చెడిపోయి ఉంటుంది. కారు కంప్యూటర్ ప్లగ్గుకి తగిలించే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఒకటి కొని ఫోన్‌లో డిగ్రీలు, వోల్టులు చూసుకోవడం ఉత్తమం, అదేమీ పెద్ద ఖరీదు కాదు.

మీ కారుకి ఈ పరీక్షలో తేడా ఏమీ రాకపోతే అప్పుడు రెండింటినీ వేరు చేయండి. ట్రాఫిక్‌లో హీటెక్కి, రోడ్డు మీద పరిగెత్తగానే తగ్గిపోతే ఫ్యాను, దాన్ని ఆన్ చేసే రిలే, లేదా రేడియేటర్ ముందున్న ఏసీ కండెన్సర్ దుమ్ముతో మూసుకుపోవడం. పోర్టు పరిసరాల్లో ఉండేవాళ్లకి బొగ్గు దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. ఏసీ వేయగానే ఫ్యాను తిరుగుతోందా అని చూడటం సులువైన పరీక్ష. హైవే మీద స్పీడులో హీటెక్కితే మాత్రం థర్మోస్టాట్, వాటర్ పంపు, లోపల పూడుకున్న రేడియేటర్ వైపు వెళ్లండి. స్టీరింగ్ బరువుగా ఉండి లైటు రాకపోతే ముందు టైర్లలో గాలి, తర్వాత కింద జాయింట్లు.

పాత హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో నడిచే) స్టీరింగ్ కార్ల వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్లకి ఉమ్మడి చుట్టం బెల్టు. చాలా కార్లలో వాటర్ పంపు, ఆల్టర్నేటర్, స్టీరింగ్ పంపు ఒకే బెల్టు మీద తిరుగుతాయి. అది జారితే కీచుమంటుంది, బ్యాటరీ లైటు వెలుగుతుంది, స్టీరింగ్ బిగుస్తుంది, ఇంజన్ కాగుతుంది. బెల్టు బాగుండి స్టీరింగ్ మాత్రమే మూలిగితే డబ్బాలో ఆయిల్ మట్టం, నురగ చూడండి.

కూలెంట్ బయటికి కారకుండానే తగ్గిపోతూ, సైలెన్సర్‌లో తెల్లటి పొగ వస్తూ, ఇంజన్ ఆయిల్ పాలలా మారితే అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయినట్టు. ఆ కారుని స్టార్ట్ చేయకుండా టోయింగ్ బండి మీదే షెడ్డుకి పంపండి. మిగతా ఏ సందర్భంలోనైనా, కాలమ్‌కి అడ్వాన్స్ కట్టేముందు ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి, అన్ని లైట్లూ వేసి స్టీరింగ్ తిప్పుతూ నెగటివ్‌కీ బాడీకీ మధ్య వోల్టేజ్ ఎంతో మీ కళ్ల ముందు కొలవమనండి. ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.