బిజినెస్ వీసా మీద టీచరు ఉద్యోగమా?

ప్రశ్న: ఎంఏ ఇంగ్లిష్ పూర్తిచేశాను. చదువంతా ఇంగ్లిష్ మీడియమే. 120 గంటల ఆన్‌లైన్ టెఫ్ల్ (ఇంగ్లిష్ రానివాళ్లకు ఇంగ్లిష్ నేర్పే శిక్షణ) సర్టిఫికెట్ కూడా ఉంది. విదేశాల్లో ఇంగ్లిష్ టీచరుగా పనిచేయాలని ఆశ. ఒక రిక్రూట్‌మెంట్ ఏజెన్సీ వాళ్లు వీడియో కాల్‌లో కాసేపు మాట్లాడి, చైనాలో ఒక కిండర్‌గార్టెన్‌లో ఉద్యోగం ఖాయం అన్నారు. ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టమంటున్నారు. బిజినెస్ వీసా మీద వెళ్తే అక్కడికెళ్లాక వర్క్ వీసాగా మారుస్తారట. స్కూలు పేరు మాత్రం సంతకం పెట్టాకే చెబుతారట. ఇంట్లోవాళ్లకు టెన్షన్‌గా ఉంది. ఏజెన్సీల ద్వారా వెళ్లడం మంచిదేనా? ఈ ఆఫర్ తీసుకోమంటారా?

జవాబు: ఈ ఆఫర్ వదిలేయండి. ఫీజు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు వీసా సంగతి చూడండి.

చైనాలో జీతానికి పనిచేయాలంటే విదేశీయులకు జెడ్ వీసా కావాలి. అది రావాలంటే ముందు అక్కడి స్కూలు తన పేరుతో దరఖాస్తు పెట్టి, మీకు వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ తెప్పించాలి. ఆ కాగితం చూపించి మీరు బయలుదేరకముందే వీసా వేయించుకోవాలి. బిజినెస్ వీసా వ్యాపార పనుల మీద వచ్చిపోయేవాళ్ల కోసం. దాంతో క్లాసులోకి వెళ్లి పాఠం చెబితే అక్కడి చట్టం ప్రకారం అక్రమంగా పనిచేసినట్టే. పట్టుబడితే 5,000 నుంచి 20,000 యువాన్ల దాకా జరిమానా వేస్తారు. తీవ్రమైన కేసైతే 5 నుంచి 15 రోజులు నిర్బంధంలో ఉంచవచ్చు. దేశం నుంచి పంపించేయనూవచ్చు. అప్పుడు పోలీసుల ముందు నిలబడేది మీరే. వేరే దేశంలో కూర్చున్న ఏజెంటు ఫోన్ కూడా ఎత్తకపోవచ్చు.

మరి వాళ్లు మొదటే జెడ్ వీసా ఎందుకు ఇప్పించడం లేదు? మీకు రావడం కష్టం కాబట్టి. చైనాలో విదేశీ భాష చెప్పే టీచరు సాధారణంగా ఆ భాష మాతృభాషగా ఉన్న దేశం పౌరుడై ఉండాలి. ఇంగ్లిష్ విషయంలో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలనే లెక్కలోకి తీసుకుంటారు. భారతీయ పాస్‌పోర్ట్‌తో ఎంత బాగా ఇంగ్లిష్ చెప్పినా దరఖాస్తు మామూలుగా అక్కడే ఆగిపోతుంది. ఈ సంగతి ఏజెన్సీకి తెలియదనుకోను. స్కూల్లో ఖాళీ ఉంది, మనిషి కావాలి, అంతే. ‘తర్వాత మారుస్తాం’ అనే మాట ఇక్కడినుంచే వస్తుంది.

అలాగని ఏజెన్సీలన్నీ మోసం అనను. వాటి లెక్క ఎలా నడుస్తుందో తెలిస్తే ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది. ఏజెన్సీకి అసలు కస్టమర్ స్కూలు. టీచరును చూపించినందుకు స్కూలే కమిషన్ ఇస్తుంది. చాలా చోట్ల టీచరు కొన్ని నెలలు నిలబడితేనే ఆ డబ్బు పూర్తిగా చేతికొస్తుంది. అందుకే మొదట్లో రోజూ వాట్సాప్‌లో పలకరించిన మనిషి, గడువు దాటాక కనిపించడు. సంబంధం కుదిర్చిన పెళ్లిళ్ల పేరయ్య కాపురానికి పూచీ పడడు కదా. ఖాళీలు ఎక్కడున్నాయో చెప్పడం, ఇంటర్వ్యూ ఏర్పాటుచేయడం, ఏ కాగితం ఎక్కడ స్టాంప్ వేయించాలో చెప్పడం, ఇవి మంచి ఏజెన్సీ బాగా చేసే పనులు. స్కూలు మంచిదో కాదో, కాంట్రాక్టు న్యాయంగా ఉందో లేదో చూసుకోవలసింది మీరే.

కమిషన్ స్కూలు ఇస్తుంటే మీ దగ్గర మళ్లీ ఎందుకు అడగాలి? ప్రైవేటు ఉపాధి ఏజెన్సీలు పనివాళ్ల నుంచి నేరుగా గానీ, పరోక్షంగా గానీ ఫీజు తీసుకోకూడదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందంలోని సూత్రం. యూఏఈ కార్మిక చట్టమైతే నియామక ఖర్చులు ఉద్యోగి మీద వేయడాన్ని నేరుగా నిషేధించింది. అన్ని దేశాల చట్టాలూ ఇలాగే ఉండవు. భారత చట్టం రిజిస్టర్డ్ ఏజెంటును ఒక పరిమితి మేరకు సర్వీస్ ఛార్జి తీసుకోనిస్తుంది, కానీ దానికి రసీదు ఉండాలి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ఆ ఏజెంటు నమోదై ఉన్నాడో లేదో భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. అంతర్జాతీయ స్కూళ్లకు అనుభవం ఉన్న టీచర్లను పంపే పెద్ద ఏజెన్సీలు కొన్ని రిజిస్ట్రేషన్ ఫీజు బాహాటంగానే తీసుకుంటాయి, అందులో దాపరికం లేదు. డిగ్రీకి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ), పోలీస్ క్లియరెన్స్, మెడికల్ టెస్టు ఖర్చులు చాలాసార్లు మీ జేబులోంచే పోతాయి, అవీ న్యాయమైనవే. కానీ ఆఫర్ చేతికి రాకముందే, దేనికోసమో చెప్పకుండా, ఎవరిదో సొంత ఖాతాకు పంపమన్న ‘ప్రాసెసింగ్ ఫీజు’ కట్టకండి.

స్కూలు పేరు దాచడంలో సగం వ్యాపారం ఉంది. ముందే చెబితే మీరు నేరుగా స్కూలుకు రాసేస్తారని, కమిషన్ పోతుందని వాళ్ల భయం. ఇంటర్వ్యూ దాకా ఆ జాగ్రత్తను అర్థం చేసుకోగలను. సంతకం పెట్టేదాకా చెప్పం అంటే మాత్రం ఒప్పుకోవద్దు. మీతో మాట్లాడింది ఏజెన్సీ మనిషే కదా, స్కూలు వాళ్లు కాదు కదా? అయితే మీకు ఇంకా ఇంటర్వ్యూ జరగలేదనే అర్థం. నిజంగా టీచరు కావాలనుకున్న స్కూలు డెమో క్లాసు అడుగుతుంది. నాలుగేళ్ల పిల్లలకు రంగుల పేర్లు ఎలా చెబుతారు, ఒకడు ఏడుస్తుంటే మిగతావాళ్లను ఎలా కూర్చోబెడతారు అని అడుగుతుంది. ఇవేవీ అడక్కుండా ‘సెలెక్టెడ్’ అంటే సంతోషించకండి, అనుమానించండి.

ఇంకో తేడా కూడా చాలామంది చూసుకోరు. ఉద్యోగం చూపించి పక్కకు తప్పుకునే ఏజెన్సీ వేరు, మిమ్మల్ని తనే ఉద్యోగంలో పెట్టుకుని స్కూలుకు పంపే ఏజెన్సీ వేరు. జపాన్ ప్రభుత్వ పాఠశాలల్లో సహాయ ఇంగ్లిష్ టీచర్లుగా పనిచేసేవాళ్లలో చాలామంది ఈ రెండో రకం కంపెనీల ఉద్యోగులే. అక్కడే 1987 నుంచి ప్రభుత్వం నడుపుతున్న జెట్ ప్రోగ్రాం వేరు, దానికి జపాన్ దౌత్య కార్యాలయాల ద్వారా నేరుగా దరఖాస్తు చేయాలి. థాయ్‌లాండ్‌లో కూడా ఏజెన్సీయే జీతం ఇచ్చే పద్ధతి బాగా ఉంది. స్కూలు ఇచ్చే మొత్తంలోంచి ఏజెన్సీ తన వాటా ఉంచుకుని మిగిలింది మీకిస్తుంది. సెలవుల నెలలకు జీతం లేని కాంట్రాక్టులూ ఉంటాయి. ఇది అన్యాయమని అనను, కొత్తవాళ్లకు తొలి అవకాశం ఇలాగే దొరకవచ్చు. కానీ జీతం ఎవరిస్తారు, వీసా ఎవరి పేరుమీద ఉంటుంది, స్కూలుకు మీరు నచ్చకపోతే ఇంకో స్కూలు చూపిస్తారా, ఇంటికి పంపిస్తారా? ఇవి కాగితం మీద ఉండాలి.

కాంట్రాక్టు చదివేటప్పుడు అందరి కళ్లూ జీతం అంకె దగ్గరే ఆగుతాయి. దాని కిందున్న వాక్యాలు చూడండి. ‘వారానికి 25 టీచింగ్ గంటలు’ అని ఉంటే, క్లాసు లేని వేళల్లో స్కూల్లోనే ఉండాలా అని అడగండి. ఉండాల్సి వస్తే అది 40 గంటల ఉద్యోగమే. దక్షిణ కొరియాలో ఏడాది పూర్తిచేసిన ఉద్యోగికి ఉద్యోగం వదిలేటప్పుడు దాదాపు ఒక నెల జీతం విరమణ చెల్లింపుగా రావాలి. అది తప్పించుకోవడానికి పదకొండో నెలలో పంపించేసే ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ల గురించి అక్కడ పనిచేసిన టీచర్లు చెబుతూనే ఉంటారు. గల్ఫ్‌లోనైతే జీతాన్ని బేసిక్, అలవెన్సులు అని విడగొడతారు. యూఏఈలో గ్రాట్యుటీ లెక్క బేసిక్ మీదే, మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున. మొత్తం బాగా కనిపించినా బేసిక్ చిన్నదైతే చివర్లో చేతికొచ్చేదీ చిన్నదే. ‘మధ్యలో మానేస్తే నియామక ఖర్చులు టీచరు చెల్లించాలి’ అన్న వాక్యం ఉంటే ఎంత, ఎప్పటిదాకా అని అంకెలు రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరా వదిలేయకండి.

ఇప్పుడు మీకు నిజంగా తెరుచుకునే తలుపులేవో చూద్దాం. దక్షిణ కొరియాలో ఇంగ్లిష్ టీచర్లకిచ్చే ఈ-2 వీసా మామూలుగా ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న ఏడు దేశాల పౌరులకే. 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందం వల్ల, టీచరు అర్హత ఉన్న భారతీయులు ప్రభుత్వ బడుల్లో సహాయ టీచర్లుగా చేరే వీలుంది, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. జపాన్‌లో బడుల్లో చెప్పడానికి, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు 12 ఏళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు చూపించాలి. మీకది ఉంది. స్కూళ్ల నుంచి ఆ మేరకు లెటర్లు తెచ్చి పెట్టుకోండి. థాయ్‌లాండ్‌లో టోయిక్, ఐఈఎల్‌టీఎస్ వంటి ఇంగ్లిష్ పరీక్షల స్కోరు అడుగుతారు. గల్ఫ్‌లో భారతీయ సిలబస్ నడిపే స్కూళ్లు చాలా ఉన్నాయి, వాటికి బీఈడీ కావాలి. నన్నడిగితే మీ ఎంఏకి అన్నిటికంటే బలం ఇచ్చేది బీఈడీ, ఆ తర్వాత ఒకటి రెండేళ్ల క్లాసు అనుభవం. అంత సమయం లేదంటే సెల్టా అనే ఇంగ్లిష్ బోధన కోర్సు చేయండి. అందులోనూ 120 గంటలే గానీ, నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పించి మార్కులు వేస్తారు. ఆన్‌లైన్ సర్టిఫికెట్‌లో సాధారణంగా లేనిది అదే. ‘మా టెఫ్ల్ కోర్సు కొనండి, ఉద్యోగం గ్యారంటీ’ అనే ఏజెన్సీ దగ్గర అయితే ఆ గ్యారంటీకి షరతులేమిటో ముందు చదవండి.

ఏజెన్సీల్లో పేరు పెట్టుకోండి, ఒక్కదానికే కట్టుబడకండి. స్కూళ్ల వెబ్‌సైట్లలో ఉద్యోగాల పేజీ చూసి నేరుగా కూడా రాయండి. కాకపోతే ఒకే స్కూలుకు రెండు వైపుల నుంచి మీ రెజ్యూమే వెళ్తే కమిషన్ గొడవ వస్తుందని స్కూలు దాన్ని పక్కన పెట్టేయవచ్చు. ఎవరి ద్వారా ఎక్కడికి పంపారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఈ ఏజెన్సీకి ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో జవాబివ్వండి: ‘స్కూలు పేరు, చిరునామా చెప్పండి. స్కూలు వాళ్లతో ఇంటర్వ్యూ ఏర్పాటుచేయండి. అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న విదేశీ టీచరుతో మాట్లాడించండి. వర్క్ పర్మిట్ నోటిఫికేషన్, జెడ్ వీసా వచ్చాకే బయలుదేరతాను. ముందుగా ఫీజు కట్టను.’ జవాబు రాకపోతే వెంటపడకండి. పాస్‌పోర్ట్ స్కాన్ ఇప్పటికే పంపి ఉంటే, మీ పేరుతో ఎక్కడా దరఖాస్తు చేయవద్దని అదే మెయిల్‌లో ఒక వాక్యం చేర్చండి.