గోడ మీద ఉన్నవాణ్ణి కేక వేసి పిలవకు

చెస్టర్‌ఫీల్డ్, వర్జీనియా
2023 డిసెంబరు 17

చి. చిన్నికి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న రాత్రి మీ అమ్మ గుంటూరు నుంచి ఫోను చేసి, సగం ఏడుపుతో, "అది తుపాకుల వాళ్లతో కలిసి అసెంబ్లీ మీదకి వెళుతోందట అక్కా, నువ్వైనా చెప్పవా" అంది. అసెంబ్లీ మీదకి కాదని, లోపలికి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళుతోందని, ఇక్కడ అది మామూలు పౌరులు చేసే పనేనని దానికి నచ్చచెప్పేసరికి అరగంట పట్టింది. ఫోను పెట్టేశాక మాత్రం నాకే నిద్ర పట్టలేదు. పౌరసత్వం వచ్చి ఏడాది నిండకుండానే, రాత్రి డ్యూటీలు చేసుకునే పిల్ల, జనవరి 15న మార్టిన్ లూథర్ కింగ్ సెలవు నాడు రిచ్‌మండ్ వచ్చి శాసనసభ్యులతో తుపాకీ హక్కు గురించి మాట్లాడతానంటే గర్వంగా ఉంది. అయితే నువ్వు ఎవరెవరిని కలవాలనుకుంటున్నావో మీ అమ్మ చెప్పిన జాబితా విన్నాక భయం కూడా వేసింది. అందుకే ఈ ఉత్తరం.

తెలిసిన సంగతులు ముందు ముగిస్తాను. అపాయింట్‌మెంటు ఇప్పుడే అడుగు. బిల్లు నంబరు కంఠతా రావాలి. చెప్పదలచింది ఒక్క కాగితంలో ఇమడాలి. మెత్తని బూట్లు వేసుకో. గుడి వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి పెట్టకు. గుడికి ఉన్న పన్ను మినహాయింపుకు దాని షరతులు దానికున్నాయి, మన గొడవ దేవుడి నెత్తిన రుద్దకూడదు.

ఇక జాబితా సంగతి. ఈ నవంబరు ఎన్నికల తరువాత మన రాష్ట్ర సెనేటులో, ఎక్కువగా తుపాకీ నియంత్రణ వైపు ఉండే డెమొక్రాట్లు 21, ఎక్కువగా మన వైపు ఉండే రిపబ్లికన్లు 19. కింది సభలో 51, 49. తీవ్రమైన బిల్లు ఏదైనా ఒకరిద్దరి మనసు మీద ఆధారపడి నిలవవచ్చు, పడవచ్చు. తుపాకీ నియంత్రణ బిల్లు ఏది వచ్చినా గవర్నరు యంగ్‌కిన్ వీటో చేస్తాడు కదా, ఇంత శ్రమ ఎందుకని నీ స్నేహితులు అన్నారట. వర్జీనియాలో గవర్నరు వరుసగా రెండోసారి పోటీ చేయడానికి వీల్లేదు. 2026 జనవరికి ఆయన వెళ్లిపోతాడు. నువ్వు ఈ చలికాలంలో పరిచయం చేసుకునే సభ్యుడు అప్పటికీ అక్కడే ఉండవచ్చు. అది ఆలోచించి వెళ్లు.

జాబితాలో మొదటి పేరు సెనేటర్ గజాలా హష్మీ అట, ఆవిడ హైదరాబాదులో పుట్టినందుకట. ఊరి అభిమానం నాకూ ఉంది తల్లీ. కానీ ఆవిడ తుపాకీ నియంత్రణ వైపు ఓటేసిన మనిషి, ఏ సందేహమూ పెట్టుకోని మనిషి. ఎదురుపడితే నమస్కారం చేసి క్షేమం అడుగు, అంతే. నిర్ణయించుకున్న వాళ్ల దగ్గర గంట గడిపితే నీకు ఆ పూట బాగా గడిచినట్టు అనిపిస్తుంది, ఓట్ల లెక్కలో మాత్రం ఏమీ మారదు. నువ్వు వెతకవలసింది ఇంకా తేల్చుకోనివాళ్లను. వాళ్లు నీ లౌడన్ కౌంటీ వాళ్లు కాకపోవచ్చు. అలాంటప్పుడు ఆ నియోజకవర్గంలో ఓటున్న మనిషిని ఒక్కరినైనా వెంటబెట్టుకుని, మాట వాళ్ల చేత చెప్పించి, నువ్వు పక్కన కూర్చో. బయటి నుంచి వచ్చిన పదిమంది చెప్పేదాని కంటే తన ఊరి మంగలి చెప్పేది ఏ సభ్యుడికైనా ఎక్కువ వినిపిస్తుంది. మాట్లాడకుండా కూర్చోవడం నీకు కష్టమని నాకు తెలుసు. చిన్నప్పుడు వినాయకుడి కథ కూడా నన్ను పూర్తిగా చెప్పనిచ్చేదానివి కాదు.

అలా తేల్చుకోని వాళ్లను నువ్వు గోడ మీది పిల్లులు అన్నావట. ఆ మాట ఇక అనకు. ఎందుకు అనకూడదో చెప్పాలంటే, మీ పెదనాన్నగారికి తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పని సంగతి చెప్పాలి.

ఇరవై ఏళ్ల కిందటి మాట. రిచ్‌మండ్‌కూ పీటర్స్‌బర్గ్‌కూ మధ్య, రూట్ 1 మీద మాకు గ్యాస్ స్టేషన్ కొట్టు ఉండేది. రెండుసార్లు దోపిడీ జరిగింది. రెండోసారి వచ్చినవాడు మీ పెదనాన్నగారి చెవి మీద తుపాకీ మడమతో కొట్టాడు. ఆయనకు ఆ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు. ఆ తరువాతే మేమిద్దరం శిక్షణ తీసుకుని, పర్మిట్లు తీసుకుని, కౌంటరు కింద పిస్తోలు పెట్టుకున్నాం. ఆ సంవత్సరం కన్సీల్డ్ క్యారీ పర్మిట్ (తుపాకీ బయటికి కనపడకుండా వెంట ఉంచుకునే అనుమతి) కాగితాల తతంగాన్ని కొంత తగ్గించే చిన్న బిల్లు ఒకటి సబ్‌కమిటీకి వచ్చింది. ఆ సబ్‌కమిటీలో ఉన్న డెలిగేట్, అంటే కింది సభ సభ్యుడు, ఒకాయన శనివారం ఉదయాల్లో మా కొట్టుకు కాఫీకి వచ్చేవాడు. నిదానస్తుడు. చిల్లర తీసుకోకుండా, కౌంటరు మీద సెంట్లు వేసే చిన్న ప్లాస్టిక్ గిన్నెలో వేసి వెళ్లేవాడు. అవసరం ఉన్న తరువాతి మనిషి తీసుకుంటాడని ఆ గిన్నె పెట్టేవాళ్లం.

ఒక శనివారం నేను ధైర్యం చేసి బిల్లు సంగతి అడిగాను. ఆయన కప్పుకు మూత నొక్కుతూ, తాను ఇంకా తేల్చుకోలేదనీ, మనసు మాత్రం మా వైపే మొగ్గుతోందనీ, తన చర్చిలో కొడుకుల్ని కాల్పుల్లో పోగొట్టుకున్న తల్లులు ముగ్గురున్నారనీ, ముందు వాళ్లతో తానే మాట్లాడి, తన కారణాలు చెప్పి, ఆ తరువాత ఓటు వేస్తాననీ అన్నాడు. నేను విన్నది "మా వైపే" అన్న ఒక్క ముక్క. మిగిలినదంతా చెవిలో పడి జారిపోయింది. ఆ రాత్రే, కొట్టు మూసి, లెక్క కూడా చూసుకోకుండా, మనలాంటి కొట్లవాళ్లం ఉన్న ఈ-మెయిలు జాబితాకు, ఆయన మనవాడేనని, తన నోటితోనే నాకు చెప్పాడని, ఆయన పేరు పెట్టి మరీ వ్రాశాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు మీ పెదనాన్నగారిని లేపి చదివి వినిపించాను కూడా. ఆయన కళ్లు తెరవకుండానే, "నీకు చెప్పిన మాటా, అందరికీ చెప్పమన్న మాటా?" అన్నాడు. నిద్రమత్తులో అంటున్నాడనుకున్నాను.

అది చేతులు మారి మారి ఒక స్థానిక పత్రికకు చేరింది. పత్రిక నుంచి ఆ తల్లులకు చేరింది. వాళ్లు ఆయన నోట వినవలసిన మాట పత్రికలో చదివారు. ఆయనకు ఇక మిగిలిన దారి ఒక్కటే: తాను ఎవరికీ మాట ఇవ్వలేదనడం, దాన్ని నిజం చేసి చూపడం. సబ్‌కమిటీలో వ్యతిరేకంగా చెయ్యి ఎత్తాడు, బిల్లు ఆ ఒక్క ఓటుతో అక్కడే ఆగిపోయింది. తరువాతి శనివారం యథాప్రకారం వచ్చాడు. కాఫీకి డబ్బిచ్చాడు. ఆ రోజు మాత్రం చిల్లర లెక్క చూసుకుని జేబులో వేసుకుని, "ఇంకా మూడు ఇళ్లకు వెళ్లవలసి ఉండిందమ్మా నేను" అన్నాడు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది. మళ్లీ మా కొట్టుకు రాలేదు.

ఎందుకింత వివరంగా వ్రాస్తున్నానంటే, ఆ రాత్రి నేను వ్రాసిన ఈ-మెయిలు కంటే పదింతలు వేగంగా పాకేవి నీ ఫోనులో పది ఉన్నాయి. ఎవరైనా నీతో "మొగ్గుతున్నాను" అంటే, ఆ మాట ఆ గదిలోనే వదిలి రా. కారిడార్‌లో ఆయనతో ఫొటో దిగకు, దిగినా ఎక్కడా పెట్టకు. నువ్వు అడగవలసింది ఇంకొకటి ఉంది: "మీ ఊళ్లో మీరు ఎవరెవరికి జవాబు చెప్పుకోవాలి?" ఆ జవాబుకు పనికొచ్చే కారణం ఒకటి చేతికి ఇచ్చి బయటికి రా. గోడ మీద ఉన్నవాడు దిగడానికి చోటు వెతుక్కుంటూ ఉంటాడు. కింద నిలబడి కేకలు వేస్తే అటువైపు దూకుతాడు. ఇంకొకటి, సభ్యుడు కమిటీలో ఉండి, ఆయన సహాయకురాలు పాతికేళ్ల పిల్ల నీతో కూర్చుంటే చిన్నబుచ్చుకోకు. ఆమె పసుపు కాగితం మీద వ్రాసుకున్న రెండు ముక్కలే సాయంత్రం ఆయన చేతికి వెళతాయి.

రిచ్‌మండ్‌లో తుపాకీ హక్కు కోసం జరిగిన 2020 ర్యాలీ వీడియోలు చూసి నీకు ఉత్సాహం వచ్చిందన్నావు. నేనూ వెళ్లాను ఆ జనవరి 20న. గవర్నరు నార్తమ్ అత్యవసర పరిస్థితి ప్రకటించి, క్యాపిటల్ (శాసనసభ భవనం) ఆవరణలో ఆయుధాలు నిషేధించాడు. సుమారు 22,000 మంది వచ్చారని పోలీసులు లెక్క కట్టారు; ఆరువేల మందిమి తనిఖీ దాటి లోపల, తక్కినవాళ్లు తుపాకులతో కంచె బయట. వేళ్లు కొంకర్లు పోయే చలి. ఎక్కడ ఏమవుతుందోనని దేశమంతా ఊపిరి బిగబట్టింది, ఏమీ కాలేదు, వెళుతూ చెత్త కూడా ఏరుకుని వెళ్లారు కొందరు. అయినా ఆ ఏడాది తుపాకీ కొనేవాడి పూర్వాపరాలు చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్కుల చట్టం వచ్చింది, ప్రమాదకరమని తోచినవాడి తుపాకీని కోర్టు ఉత్తర్వుతో కొంతకాలం తీసుకునే రెడ్ ఫ్లాగ్ చట్టం వచ్చింది, 1993లో పెట్టి 2012లో తీసేసిన, నెలకు ఒక్క పిస్తోలే కొనాలన్న నియమం మళ్లీ వచ్చింది. ఆగినది ఒక్కటే పెద్దది, అసాల్ట్ ఆయుధాల (సైనిక తరహా తుపాకుల) నిషేధం. ఫిబ్రవరి 17న సెనేట్ జ్యుడీషియరీ కమిటీలో నలుగురు డెమొక్రాట్లు, డీడ్స్, ఎడ్వర్డ్స్, పీటర్సన్, సురొవెల్, రిపబ్లికన్లతో కలిసి 10–5తో దాన్ని మరుసటి ఏడాదికి వాయిదా వేశారు. ఆ నలుగురినీ కదిలించింది మా కేకలేనని చాలామంది నమ్ముతారు. నేను నమ్మను. అంతకు ముందు నెలల్లో వందకు పైగా కౌంటీలు, పట్టణాలు తుపాకీ హక్కుకు మద్దతుగా తీర్మానాలు చేశాయి. ఆ సమావేశాల్లో వరుసలో నిలబడి మూడేసి నిమిషాలు మాట్లాడినవాళ్లే ఆ పని చేశారని నా నమ్మకం. ఆ నలుగురిలో ఇద్దరు వచ్చే సెనేటులో లేరు. ఎవరినీ శాశ్వతంగా మనవాళ్లని వ్రాసుకోకు.

ఇప్పుడు కష్టమైన ప్రశ్నలు. కాన్సస్‌లో 2017 ఫిబ్రవరి 22న మన హైదరాబాదు కుర్రవాడు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు "మా దేశం వదిలి పొండి" అంటూ కాల్చి చంపాడు. ఎవరో ఒక సభ్యుడు నీ ముఖం చూసి ఆ సంగతి తప్పక అడుగుతాడు. "అతని దగ్గర తుపాకీ ఉండి ఉంటే" అన్న మాట నీ నోట రాకూడదు. ఆ వార్త చూసి మనవాళ్లలో కొందరు తుపాకీ కొన్నారు, కొందరు తుపాకులు తగ్గాలన్నారు. రెండూ ఒకే భయం నుంచి పుట్టాయని చెప్పు. అది నిజం కూడా. అలాగే వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 2007 ఏప్రిల్ 16న కాల్పుల్లో పోయిన 32 మందిని మన రాష్ట్రంలో ఎవరూ మరిచిపోలేదు. వాళ్లలో మన ప్రొఫెసర్ లోగనాథన్ ఉన్నారు. వాదన వేడెక్కితే గొంతు తగ్గించవలసింది నువ్వు.

ఆత్మహత్యల అంకె దాచకు. 2021లో ఈ దేశంలో తుపాకీతో పోయిన 48,830 మందిలో సగానికి పైగా తమను తామే కాల్చుకున్నవాళ్లు. ఆసుపత్రిలో పని చేసే నీకు నేను చెప్పనక్కరలేదు. కొట్టు అమ్మేశాక మీ పెదనాన్నగారు ఆరు నెలలు కిటికీ దగ్గర కుర్చీలో మాటా పలుకూ లేకుండా కూర్చున్నారు. అప్పుడు ఇనప్పెట్టె తాళం చెవి నల్లపూసల గొలుసుకు కట్టుకుని తిరిగాను, స్నానానికి కూడా తీయలేదు. ఆయన ఒక్కనాడూ అడగలేదు. తరువాత ఎప్పుడో ఒక సెనేటరుకు ఈ మాట చెప్పాను. హక్కు ఉన్నవాళ్లం ఇంట్లో ఏం చేసుకోవాలో చట్టం కంటే ముందు మేమే చేసుకున్నామని చెప్పాను. అప్పటిదాకా గడియారం చూస్తున్న మనిషి కాఫీ తెప్పించాడు.

నీతో వచ్చే ఆ హెచ్-1బీ కుర్రవాడి సంగతే నాకు అన్నిటికంటే దిగులు. మాట్లాడవచ్చు, చర్చ వినవచ్చు, అభ్యంతరం లేదు. కానీ వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గాని, తూటా గాని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం కింద నేరం; వేట లైసెన్సు వంటి మినహాయింపులు కొన్నే. సరదాగా కూడా నీ పిస్తోలు అతని చేతికి ఇవ్వకు, ముందురోజు కాల్పుల సాధన చేసే రేంజికి తీసుకెళ్లకు. మనకు ఆటగా తోచింది అతని గ్రీన్ కార్డు దరఖాస్తుకు ఉరితాడు కావచ్చు. అతని తల్లి కూడా ఏ గుంటూరులోనో ఫోను పక్కన పెట్టుకుని పడుకుంటుంది కదా.

2021 నుంచి క్యాపిటల్ ఆవరణలోకి తుపాకీ తేకూడదని చట్టమే ఉంది. కారులో వదిలి వెళదామనుకుంటావేమో. అద్దం పగలగొట్టి ఎత్తుకుపోయిన తుపాకీ తరువాత ఎవరి చేతికి చేరుతుందో, ఎవరి చెవి మీద పడుతుందో నాకు వేరే చెప్పకు. ఆదివారం రాత్రికే అందరూ మా ఇంటికి రండి. పొద్దున్నే పులిహోర కట్టి ఇస్తాను. నీ పిస్తోలు మా ఇనప్పెట్టెలో పెట్టి వెళ్లు, సాయంత్రం వచ్చి తీసుకో. తాళం చెవి ఇప్పటికీ నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ